పరీక్ష రోజు పిల్లనెవరు ఎత్తుకుంటారు

నా కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది మనమ్మాయే. మాలాగే రైల్వే కుటుంబం, తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో పాతుకుపోయినవాళ్ళు. పోయిన నెల మా ఇంటికొచ్చి, "ఆంటీ, ఆ సీట్లో అన్నేళ్ళు ఎలా చేసేరు? నాకైతే దిమాగ్ పనిచెయ్యట్లేదు. కడుపుతో ఉన్న అమ్మాయిలొస్తారు, ఏడుస్తారు. నేను రూలు చదివి వినిపిస్తాను. ఇంకా ఏడుస్తారు" అంది. టీ ఇచ్చి చెప్పడం మొదలుపెట్టాను గానీ మధ్యమధ్య ఆమెకి ఫోన్లు, నాకు మతిమరుపు. అందుకని రాస్తున్నాను. తెలుగు చదవడం ఆ పిల్లకి కష్టమే. మా ఇల్లున్న కుదుదండ్ ఏమంత దూరం, వస్తే నేనే చదివి వినిపిస్తాను.

ఊళ్ళో ఒక యూనివర్సిటీలో నా ఉద్యోగం. దాని పేరెందుకు. గుమాస్తాగా చేరాను, సెక్షన్ ఆఫీసరుగా దిగాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడెక్కానో ఎవరికీ అక్కర్లేదు. నా బల్ల మీద పని మాత్రం ఎప్పుడూ ఒకటే, విద్యార్థుల హాజరు. డెబ్బై అయిదు శాతం ఉంటే హాల్‌టికెట్టు, లేకపోతే లేదు. చిన్నప్పుడు మా నాన్న షెడ్‌లో ఫిట్టర్‌గా చేసేటప్పుడు నిమిషం ఆలస్యమైతే పడే తిట్లు విని పెరిగినదాన్ని కాబట్టి ఆ పని నాకు ఒంట్లో రక్తంలా కలిసిపోయింది. అదే నా మొదటి తప్పుకి కారణం కూడా.

ఎనిమిది రోజులు

బెల్తరా నుంచి బస్సులో వచ్చేది దులారి అనే అమ్మాయి. బీయస్సీ ఆఖరి ఏడు. ఒకరోజు మూడు నెలల పిల్లాడిని చంకనేసుకుని నా కిటికీ దగ్గర నిలబడింది. కానుపు వల్ల ఎనిమిది రోజుల హాజరు తక్కువపడింది. సడలింపు కావాలని కాగితం రాసుకొచ్చింది.

నేను రిజిస్టరు తీసి లెక్క చూపించాను. ఎనిమిది రోజులు తక్కువ, వచ్చే ఏడు రమ్మన్నాను. ఆమె వాదించలేదు. తిరస్కరించిన కాగితం అందుకున్నానని సంతకం పెట్టమంటే, చుట్టూ చూసి, "దీదీ, వీణ్ణి ఒక్క నిమిషం పట్టుకుంటారా" అని వాళ్ళ ఛత్తీస్‌గఢీలో అడిగింది. ఆఫీసు టైములో పిల్లల్ని ఎత్తుకోవడమేమిటని నేను తల ఊపలేదు. పిల్లాడిని ఒక చేత్తో నొక్కిపట్టుకునే సంతకం పెట్టింది. అది వంకరగా, గీత దాటి పోయింది.

అప్పటి మా బాసు తివారీ గారు ఆ ఫైలు చూసి, "విజయలక్ష్మీ, నీ ఫైలు అద్దంలా ఉంటుంది" అని మెచ్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి మీదా అరిచేవాడు కాదు, లంచం ముట్టేవాడు కాదు. కాగితం శుభ్రంగా ఉంటే మనిషికి న్యాయం జరిగినట్టేనని నిజంగా నమ్మేవాడు. ఇలాంటి మంచి బాసుల దగ్గరే మనం ఎక్కువ చెడిపోతాం. ఆ మెప్పుకి నేను ఆ రోజంతా సంబరపడ్డాను, ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

మరుసటి ఏటి దరఖాస్తుల్లో దులారి పేరు కోసం వెతికాను. లేదు. ఆ తర్వాతి ఏడూ వెతికాను. వచ్చే ఏడు రమ్మని మనం నోటితో అనేస్తాం గానీ, బిడ్డ పుట్టిన ఇంట్లో వచ్చే ఏడు అనేది అంత తేలిగ్గా రాదు.

రూలు వచ్చింది, మనిషి రాలేదు

తర్వాత చాలా ఏళ్ళకి పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. గర్భిణులకీ బాలింతలకీ హాజరులో సడలింపు ఇవ్వండి, నియమాలు మీరే తయారుచేసుకోండి అని. మా వాళ్ళు దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టి, ఆ ఫైలును బీరువాలో పెట్టారు. అప్పటికి సెక్షన్ నా చేతికొచ్చింది. దులారి గుర్తొచ్చి నేనే కూర్చుని నియమాలు రాశాను, మూడు మీటింగుల్లో తిట్లు తిని పాస్ చేయించాను. హాజరు సడలింపు, ప్రాక్టికల్స్ వారంలో రెండు రోజులకి కుదించడం, నిలబడలేనివాళ్ళకి ల్యాబులో స్టూలు, పరీక్షకి కింది అంతస్తులో గది.

రూలు వచ్చేసింది కదా, అమ్మాయిలు బారులు తీరతారనుకున్నాను. ఒక్కరూ రాలేదు. ఎందుకో తెలియడానికి నాకు ఏడాది పట్టింది. దరఖాస్తు ముందుగా ఇవ్వాలని రాశాను నేను. మన ఇళ్ళల్లో అయిదో నెల దాకా పక్కింటివాళ్ళకే చెప్పరు, దిష్టి తగులుతుందని. అలాంటిది ఆఫీసు కిటికీలో కాగితం ఇస్తారా. ఆ సంగతి ఇంటి దగ్గర నాకు బాగా తెలుసు, ఆఫీసుకొచ్చాక మాత్రం తెలియదు. మనలో చాలామంది గేటు దాటగానే ఇంట్లో తెలిసినవన్నీ మర్చిపోతాం. ముందుగా అన్న మాట కొట్టేయించి, నా గది తలుపుకి ఒక గొళ్ళెం పెట్టించాను. అప్పుడు రావడం మొదలుపెట్టారు.

నేను తీసుకెళ్ళిన చలిమిడి

భార్గవి అలా వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టరు, అయిదో నెల. తలుపు గొళ్ళెం పెట్టి, "ఆంటీ, మీరు మన తెలుగోళ్ళని తెలిసే వచ్చేను. ఈ సెమిస్టరు ఒదిలీమంటే నేను మళ్ళీ రాలేను. నాకు తెలుసు" అంది. ఆ మాటకి నాకు బెల్తరా అమ్మాయి కళ్ళ ముందు కదిలింది. ఈసారి వదలకూడదనుకున్నాను.

భార్గవి భర్త అసిస్టెంట్ లోకో పైలట్, వారంలో సగం రోజులు లైన్ మీదే ఉంటాడు. మామగారు అప్పారావు గారు రిటైరైన గార్డు. అత్తగారు పైడమ్మ గారు. ఆ ఇల్లు నాకు కొత్త కాదు, రైల్వే కాలనీలో మా నాన్న క్వార్టరుకి నాలుగిళ్ళ అవతల ఉండేవాళ్ళు. భార్గవికి తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి బొబ్బిలి దగ్గర ఉంటాడు. అందుకని కానుపు ఇక్కడే.

హాజరు సర్దాను. ప్రాక్టికల్స్ మంగళ, శుక్రవారాలకి మార్పించాను. ల్యాబులో స్టూలు వేయించాను. ఆ పిల్ల ఒక్క రోజు మానలేదు. ఏడో నెల వచ్చేసరికి రెండు ప్రాక్టికల్స్, నాలుగు థియరీ పేపర్లు మాత్రం మిగిలాయి. నాకు సంతోషం పట్టలేదు. తల్లి లేని పిల్ల, చలిమిడి ఎవరు పెడతారని, ఒక ఆదివారం పొద్దున్నే బియ్యం నానబోసి, పిండి కొట్టి, బెల్లం పాకంలో చలిమిడి చేసి, చీర, పసుపు కుంకాలతో వాళ్ళింటికి వెళ్ళాను.

పైడమ్మ గారు గుమ్మంలోకి ఎదురొచ్చారు. కొత్త జాకెట్టు తొడుక్కున్నారు, ఆకుపచ్చది, చేతులకి సన్నటి అంచు. నేను చూస్తున్నానని గమనించి నవ్వారు.

"బాగుంది కదా విజయా? మా కోడలే కుట్టింది. ఇక్కడే లింగియాడీహ్‌లో నేస్తం దగ్గర, నడిసెల్లే దూరం, మంగళారం, సుక్కురారం కుట్టుపని నేర్సుకుంతంది. సదువు ఓ ఏడు ఆపీసింది కదా, ఊసుపోవాల మరి."

ఎవరైనా అక్కడ ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు. చలిమిడి గిన్నె చేతిలో ఉంది, మనసు నిండా ఆనందం ఉంది, మన వాళ్ళింట్లో ఉన్నాననే ధీమా ఉంది.

"చదువు ఆపడమేటి పైడమ్మ గారూ, మీ కోడలు బంగారం. మంగళవారం, శుక్రవారం ప్రాక్టికల్స్ ఒక్కటి మానలేదు. ఇంకో రెండు చేసీస్తే పరీక్షలే" అనేశాను.

భార్గవి లోపలి గది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ ముఖం నేను మర్చిపోలేను. పైడమ్మ గారు తన జాకెట్టు చేతిని ఒకసారి తడుముకుని, కోడలి వైపు తిరిగి అడిగింది ఒక్కటే మాట.

"అయితే ఇది నువ్వు కుట్టనేదా?"

నాతో మర్యాదగానే మాట్లాడారు. చలిమిడి అందుకున్నారు, బొట్టు పెట్టారు. ఆ మంగళవారం భార్గవి ల్యాబుకి రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఫోనుకి ఒక మెసేజ్ మాత్రం వచ్చింది. "ఇంక రాను ఆంటీ. మీరు మంచికే చేసేరు."

ఆఫీసులో గొళ్ళెం పెట్టించినదాన్ని నేనే, ఆ దరఖాస్తులున్న అలమరాకి తాళం వేయించినదాన్ని నేనే. మన వాళ్ళిల్లు అనేసరికి నోటికి గొళ్ళెం లేకుండా పోయింది. ఇది మన ఊరి లాంటి ఊళ్ళో, అందరూ అందరికీ తెలిసిన కాలనీల్లో చేసే తప్పు. పరాయివాడి దగ్గరైతే ఆ పిల్ల గుట్టు భద్రంగా ఉండేది. అమ్మాయి కడుపుతో ఉన్న సంగతైనా, చదువుకుంటున్న సంగతైనా ఆమె సొత్తు. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో ఆమే చెప్పాలి. కఠినంగా ఉండి ఒకమ్మాయిని పోగొట్టుకున్నాను, ప్రేమగా ఉండి రెండో అమ్మాయిని పోగొట్టుకుంటున్నాను. రెండుసార్లూ వాళ్ళని ఒక్క మాట అడగలేదు.

అప్పారావు గారి ప్రశ్న

ఈసారి అడిగాను. "నేను మీ ఇంటికి రావచ్చా? వద్దంటే రాను" అని రాశాను. రెండు రోజులకి జవాబొచ్చింది. "రండి. మావయ్యతో మాట్లాడండి. అత్తమ్మ దగ్గర జాకెట్టు మాటెత్తకండి."

అప్పారావు గారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. చేతులు కొంచెం వణుకుతాయి ఆయనకి, పేపరు మోకాళ్ళ మీద పెట్టుకుని చదువుతారు.

"తప్పు నాదండీ. ఆ పిల్ల చెప్పుకోవాల్సింది నేను చెప్పీసేను" అన్నాను.

"అబద్ధం సంగతి మేం ఇంట్లో చూసుకుంటాం. నువ్వు పని సంగతి చెప్పమ్మా" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆవిడ సదువుకి అడ్డు కాదు. రోడ్డుకి అడ్డు. నాకు పెండ్రా వైపు బదిలీ అయినప్పుడు సామాన్ల లారీలో వచ్చింది. అప్పుడు దానికి ఏడో నెల. మొదటి బిడ్డ దక్కలేదు. నలభై ఏళ్ళయినా ఆ గుంతలు దాని కళ్ళ ముందునుంచి పోలేదు" అన్నారు.

నాలుగిళ్ళ అవతల పెరిగినా నాకు ఆ సంగతి తెలియదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పాత డైరీ తీశారు. "అచ్ఛా, చెప్పు. పేపర్లెన్ని?"

"నాలుగు."

"ఎన్నేసి గంటలు?"

"మూడేసి. మధ్యలో రెండేసి రోజుల సెలవు."

"అప్పటికి పిల్లకి ఎన్నాళ్ళుంటాయి?"

"డాక్టరు చెప్పిన లెక్కకి నలభై రోజులు."

"గది?"

"కింది గదండీ. అమ్మవారు పోసినవాళ్ళు రాయడానికి విడిగా ఉంచిందే. ఈసారి ఎవరికీ లేదు. కడిగించి సున్నం వేయిస్తాను. ఫ్యాను, మంచినీళ్ళు ఉంటాయి. పక్కనే ఇంకో చిన్న గది, పిల్ల అక్కడ ఉంటుంది. ఆకలేస్తే తీసుకొస్తారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు…"

ఆయన డైరీ మూశారు. "ఎవరో ఒకరంటే ఎవరూ కాదమ్మా. గార్డు బండి దిగాలంటే రిలీఫ్ వచ్చి ఎక్కాల. పేరు ఉండాల, సంతకం ఉండాల. రిలీఫ్ రాకపోతే పదహారు గంటలైనా దిగనేదు నేను. నువ్వు గది చెప్పేవు, ఫ్యాను చెప్పేవు. ఆ పిల్లకి రిలీఫ్ ఎవరు? నా చేతులా, చూస్తున్నావు కదా."

మూడు మీటింగుల్లో పోట్లాడి పాస్ చేయించిన నా నియమాల్లో అన్నీ ఉన్నాయి, ఆ మూడు గంటలు పిల్లనెవరు ఎత్తుకుంటారన్నది లేదు. "దీదీ, ఒక్క నిమిషం పట్టుకుంటారా" అని దులారి అడిగింది అదే. ఇన్నేళ్ళకి గార్డుగారు డైరీ పట్టుకుని మళ్ళీ అడిగేదాకా నాకు వినబడలేదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పైడమ్మ గారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"మూడు గంటలు పిల్లనెత్తుకోడానికి ఇంత మీటింగేటి? నాను లేనేటి ఇంట్లో?" అన్నారు.

అప్పారావు గారు డైరీ మళ్ళీ తెరిచారు.

"రెండు మాటలు. ఆటో ఒద్దు. మెల్లిగా తోలేవోడి కారు మాటాడండి. రెండోది," అని ఆవిడ లోపలి గది వైపు గొంతు పెంచారు, "ఆ జాకెట్టు కుట్టిన దర్జీ ఎవుడో సెప్పమను. నా ఒంటికి ఇంత బాగా ఎవుడూ కుట్టనేదు ఇన్నాళ్ళూ."

లోపలినుంచి భార్గవి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చానని తర్వాత చెప్పింది. మిగిలిన రెండు ప్రాక్టికల్స్ కారులో వచ్చి చేసింది. పైడమ్మ గారు ముందు సీట్లో కూర్చుని ప్రతి గుంత దగ్గరా డ్రైవరుకి పాఠం చెప్పారట.

నాలుగు పేపర్లు

పాప పుట్టింది. నెల దాటాక పరీక్షలు. మా కొత్త పరీక్షల అధికారి కుర్రవాడు, తెలివైనవాడు, భయస్తుడు. పరీక్ష జరిగే చోటికి బయటివాళ్ళని రానివ్వకూడదన్నాడు. బయటి మనిషి కాదు, మన మనిషే అని నేను ఒక కార్డు తయారుచేశాను. ఫోటో, ముద్ర, నా సంతకం. ఏ హోదాలో అని అడిగితే రిలీఫ్ అని రాశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంతకం పెట్టాడు.

ఎండలు మండిపోతున్నాయి. పైడమ్మ గారు మెడలో కార్డు వేసుకుని, ఆకుపచ్చ జాకెట్టుతో, పాపని తడిగుడ్డ కప్పిన బుట్టలో పెట్టుకుని వచ్చేవారు. పాప ఏడిస్తే తీసుకెళ్ళి ఇచ్చేవారు, పాలు తాగాక తెచ్చుకునేవారు. భార్గవి పెన్ను మూసి, పాలిచ్చి, మళ్ళీ పెన్ను తీసేది. పక్కన మహిళా ఇన్విజిలేటర్ గోడ వైపు తిరిగి కూర్చునేది.

అంతా బాగా చేశామని చెప్పను. పాలిచ్చిన సమయానికి బదులు సమయం ఇవ్వమని నేను రాసిన కాగితం రెండు పేపర్లయ్యాక గానీ మంజూరు కాలేదు. మొదటి రెండిట్లో ఆమెకి మార్కులు తగ్గాయి. అది మా తప్పు, ఆమెది కాదు. ఫస్టుక్లాసు రాలేదు, పాసయ్యింది. ఇప్పుడు ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతోంది, పాప నర్సరీకి వెళ్తోంది.

ఆఖరి పేపరు రోజు పరీక్ష అయ్యాక నేను కార్డు వెనక్కి తీసుకోవడానికి వెళ్ళాను. రూలు ప్రకారం తీసుకోవాలి. పైడమ్మ గారు కార్డు మెడలోంచి తీశారు గానీ చేతికివ్వలేదు.

"ఇందులో ఏటి రాసేవు విజయా? సదివి ఇనిపించు" అన్నారు.

"పైడమ్మ. డ్యూటీ: రిలీఫ్" అని చదివాను.

"ఇంకోసారి సదువు."

చదివాను.

పాప ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది.

"ముప్పయ్యారేళ్ళు ఆయన డ్యూటీకి కేరేజీ కట్టేను. డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ వొచ్చి తలుపు కొడితే లేచి ఆయన్ని లేపేను. రైల్వే పాసు ఎప్పుడు తీసినా అందులో వైఫ్ అనే రాసేవోరు. పేరు రాయనేదు" అన్నారు. "ఇది నాను ఉంచుకోనా?"

నా ఉద్యోగంలో నేను తెలిసి రూలు తప్పింది తక్కువ. ఆ రోజు తప్పాను, ఇప్పటికీ సంతోషమే. ఆ కార్డు వాళ్ళింట్లో దేవుడి పటాల పక్కన మేకుకి వేలాడుతోంది.

అమ్మాయీ, నీ బల్ల కింది సొరుగులో ఆ ఖాళీ కార్డులు ఇంకా ఓ కట్ట ఉంటాయి. ఏ అమ్మాయైనా వచ్చి గొళ్ళెం పెడితే, ఇంట్లో ఎవరికి తెలుసో, ఎవరికి తెలియకూడదో ముందు ఆమెనే అడుగు. రెండో మాటగా పిల్లనెవరు ఎత్తుకుంటారో అడుగు. ఎవరూ లేరంటే నీ చేతులు చాపు, ఆఫీసు టైమైనా సరే. ఉన్నారంటే కార్డు తీసి నింపు. అత్త అని రాయకు, అమ్మ అని రాయకు. పేరు రాయి.